ముంతలో మా ఇంటి ఎన్నిక

శ్రీజా, గిట్ల వచ్చి కూసో. ఆడ గాదు, నా ముందర, నీ మొఖం కనపడేటట్టు. ఫోన్ల టైపు చేస్తనంటివి గదా, చెయ్యి. నడుమ నడుమ దోస్తుల మెసేజులు చూసుకుంట కూసుంటే మాత్రం నేను లేసి పోత. ఇంకోటి ఇను. నా మాటను జర ఇస్త్రీ చేసి రాయి, చదివేటోళ్ళకు పుస్తకం లెక్క ఉండాలె. మా జేజి మాట, మా నాయిన మాట మాత్రం ముట్టుకోకు. వాళ్ళ మాటను ఇస్త్రీ చేస్తే కాలిపోతది. రాస్తున్నవా? ఆఁ, ఇగ మొదలుపెడుత.

నిన్న సాయంత్రం నువ్వు సోషల్ పుస్తకం మూసేసి, "అవ్వా, ఈ సివిక్స్ ఎవరికి పనికొస్తది? రాష్ట్రపతి నాకేమన్న చుట్టమా?" అన్నావు చూడు, అప్పటినుంచి నా మనసు మనసులో లేదు. సరిగ్గా అదే సమయానికి మీ అమ్మ సజ్జ మీది సామాను దించుతూ ఒక ఇత్తడి ముంత కింద పెట్టి, "అత్తా, దీన్ని పాత సామానోనికి వేద్దామా?" అంది. ఆమె చేతిలోంచి గబుక్కున లాక్కున్నాను. ఆమె బిత్తరపోయింది. నేను పదో తరగతి చదివింది ఆ ముంత దయ వల్లనే. నీకు సివిక్స్ అంటే మార్కులు. నాకు సివిక్స్ అంటే ఆ ముంత.

ఇప్పుడు నువ్వు కూర్చున్నావే, సరిగ్గా అక్కడే మా నాయిన మగ్గం గుంత ఉండేది. పెళ్ళయినా నేను ఈ ఇల్లు వదల్లేదు, మీ తాతే ఇల్లరికం వచ్చాడు. గుంత పూడ్చి, మట్టి దంచి, బండలు పరిచి ఎన్నేళ్ళయిందో, అయినా అక్కడ బండ కుంగుతూనే ఉంటుంది. మీ నాన్న ప్రతిసారీ మేస్త్రీని తిడతాడు. పాపం మేస్త్రీ తప్పేమీ లేదు. మా నాయిన కాళ్ళు అంతకాలం అందులో ఆడాయి, నేల మాత్రం ఎట్లా మరిచిపోతుంది? అప్పట్లో ఇల్లంతా గంజి వాసన. తెల్లవారకముందే వీధి పొడుగునా పడుగు, అంటే చీర నిలువు పోగులు, చాచి గంజి పెట్టేవారు. బడికి పోయే పిల్లలం దాని కిందినుంచి నడుము వంచి పోవాలి, పుస్తకాల సంచి పోగులకు తగిలిందా, ఆ వీధిలో ఉన్న ప్రతి ముసలాయనా ఎవరి పిల్లవే నువ్వు అని అడుగుతాడు, ఎవరి పిల్లనో బాగా తెలిసి కూడా. గంజి వాసన మీద జొన్నరొట్టె కాలే వాసన, దాని మీద మా జేజి నమిలే ఆకువక్క వాసన. జేజి అంటే మా నాయిన వాళ్ళ అమ్మ. ఆమెకు పళ్ళు లేవు, అందుకని చిన్న రోట్లో ఆకువక్క దంచుకొని దవడకు పెట్టుకునేది. మా ఇంట్లో ఏ పని జరగాలన్నా ఆ దవడ ఒకసారి కదలాలి. మా నాయిన అంత ఒడ్డూ పొడుగూ మనిషి, చీర రంగు మొదలు కూరలో ఉప్పు దాకా దేనికైనా "మా అమ్మను అడుగుత" అనేవాడు. మా అమ్మ అది కూడా అనేది కాదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడేది.

గద్వాల చీర ఒక్కరితో అయ్యే పని కాదు, అది నీకు తెలియాలి. మధ్యలో నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోట వరుస వరుసకూ నూలు పోగును పట్టు పోగుకు లంకె వెయ్యాలి. అందుకని నేసే మనిషి పక్కన ఇంకొకరు కూర్చొని అంచు నాడె, అంటే అడ్డపోగును అటూ ఇటూ మోసే పడవ లాంటి చెక్క, అందిస్తూ ఉండాలి. మా ఇంట్లో ఆ పక్క పీట మా చిన్నాయినది, అంటే మా నాయిన తమ్ముడిది. మా అమ్మా, జేజీ, నేనూ రాట్నం దగ్గర. పుట్టినప్పటినుంచీ చేతిలో ఉన్న పని కదా, మాకందరికీ ఒక రోగం ఉండేది. తెగిన పోగు కొస చూస్తే అది ఎవరు తెంపారో చెప్పేసేవాళ్ళం. మా నాయిన పోగును వేలికి చుట్టి తటాల్న తెంపుతాడు, కొస పీచులేచి ఉంటుంది. మా అమ్మ కొరుకుతుంది, కొస చప్పిడిగా నలిగి ఉంటుంది. జేజికి పళ్ళు లేవని చెప్పాను కదా, ఆమె పోగును పిక్క మీద అరచేత్తో నులిమి, బిగిసిన చోట పుటుక్కుమనిపిస్తుంది, కొస సూది మొన లెక్క ఉంటుంది. చిన్నప్పుడు బొమ్మకు జడ వెయ్యడానికి పట్టు పోగు ఒకటి దొంగిలించాను. జేజి పోగు చుట్టిన కండె చూసి, "ఇది మణి చెయ్యి, కత్తెరతోని కోసింది, దొంగకు తెంపనీకి గూడ చాతగాదు" అంది. మణి అంటే నేనే, నాగమణిని. అట్లాంటి ఇల్లు. ఈ సంగతి గుర్తుపెట్టుకో, ముందుకు పనికొస్తుంది. ఆ రోజు నేను గుర్తుపెట్టుకోలేదు, అదే నా ఖర్మ.

ఇక మా సోషల్ సార్. వనపర్తి మనిషి, బస్సు దిగి నేరుగా బడికి వచ్చేవాడు, చంకలో గొడుగు, ఎండాకాలం వానాకాలం తేడా లేదు. ఆయన మమ్మల్ని పిల్లలారా అనేవాడు కాదు, పౌరులారా అనేవాడు. "పౌరులారా, ముక్కులు తుడుచుకోండి" అని పాఠం మొదలు. చరిత్ర చెప్తే ఆయనకే నిద్ర వచ్చేది, పౌరశాస్త్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చొక్కా చేతులు పైకి మడిచేవాడు. తొమ్మిదో తరగతిలో క్లాస్ లీడర్‌ను ఎన్నుకోవాలంటే గొడుగు తెరిచి తలకిందులుగా బల్ల మీద పెట్టాడు. అదే ఓట్ల పెట్టె. చీటీ మీద మీరు పేరు రాయొద్దు, నేను రాసిన పేరు పక్కన గీత మాత్రమే పెట్టండి, దస్తూరి చూస్తే మనిషి దొరికిపోతాడు అన్నాడు. ఎందుకు సార్ అంత దాపరికం అని నేను అడిగాను. "నాగమణీ, ఎదుటివాడి భయానికి నోరు అబద్ధమాడుతుంది. చెయ్యి అయినా నిజం చెప్పాలని ఓటును రహస్యంగా పెట్టారు" అన్నాడు. ఆ మాట నా లోపల ఎక్కడో కూర్చుంది.

సాయంత్రం రాట్నం తిప్పుతూ ఆ రోజు పాఠం పైకి అప్పజెప్పుకునేదాన్ని. వినేది జేజి ఒక్కతే. వినడం కాదు, విమర్శ. రాష్ట్రపతి పేరు మీదనే అంతా జరుగుతుంది కానీ నిర్ణయం మంత్రిమండలిది అని నేను చదివితే, "అయితే మీ తాతనే" అనేది. "ఇల్లు ఆయన పేరు మీద ఉండె, తాళంచెవి నా కొంగుకుండె." పెద్దల సభ తొందరపాటు చట్టాలను ఇంకోసారి ఆలోచించమంటుంది అని చదివితే, "గా పని నేను దినాం చేస్తున్న. నాకెవడు జీతమిచ్చిండు?" అనేది. ఒకనాడు, సభలు రెండూ ఒప్పుకున్న బిల్లు సంతకం కోసం రాష్ట్రపతి దగ్గరకు పోతుంది అని చదివాను, అక్కడితో పాఠం అయిపోయింది. జేజి రాట్నం ఆపేసింది.

"సంతకం పెట్టనంటే?"

"ఏమో జేజీ. అది వచ్చే యేడు పుస్తకంల ఉంటదంట. సార్ చెప్పిండు."

"గదేం పుస్తకమే, కథను గంగల నిలబెట్టి పోయింది."

వారం పది రోజులు ఆమెకు అదే ధ్యాస. పాలు పోసే ఆమెను కూడా అడిగింది, పెట్టనంటే ఏమైతదంటవ్ అని. పాలామె తన పాల గురించి అనుకొని, నీళ్ళు కలపలేదని ఒట్టేసుకుంది.

ఆ ఎండాకాలం సెలవుల్లో మా చిన్నాయినకు పెళ్ళయింది. రాజోలి సంబంధం. వాళ్ళకూ మగ్గముంది, కొడుకులు లేరు, అల్లుణ్ణి అక్కడే కూర్చోబెట్టుకున్నారు. మా ఇంట్లో పక్క పీట ఖాళీ అయింది. భోజనాల దగ్గర మా నాయిన రొట్టె తుంచుతూ, "మణి కూసుంటది. తొమ్మిది అయిపాయె, సాలు" అన్నాడు. జేజి దవడ కదిలింది. "ఆడపిల్లకు గంతకన్న ఎక్కువెందుకు. కూసోని" అంది. మా అమ్మ కొంగు నోటికి పెట్టుకుంది. రెండు మాటల్లో నా చదువు అయిపోయింది. నేను రొట్టె పక్కకు పెట్టి లేచిపోయాను. పదో తరగతి లేకుండా నేను బతకలేనని కాదు శ్రీజా, నిజం చెప్తున్నాను, ఆ వయసులో అంత తెలియదు. పొద్దున పడుగు కింద వంగి అవతలికి పోయే ఆ ఒక్క దారి మూసుకుపోతుందే అని. అవతల గొడుగు పట్టుకొని ఒకాయన నన్ను పౌరురాలా అని పిలుస్తాడు. ఇవతల అందరూ ఏందే అని పిలుస్తారు.

ఏడ్చాను, అలిగాను, రొట్టెల దగ్గర లొల్లి పెట్టాను. చివరికి మా నాయిన విసిగిపోయి, "ఇంటిల్లిపాది వద్దంటున్నరు, నీదొక్కదానిదేంది?" అన్నాడు. నాకు సార్ మాట గుర్తొచ్చింది. "అందరు వద్దన్నరా, జేజి అన్నదని అన్నరా? ఓటు పెడుదం నాయినా. రహస్య ఓటు" అన్నాను. ఆయన నవ్వాడు. మూడు ఓట్లు ఉన్నాయి, మూడూ తనవే అనుకునే మనిషి ఎన్నికకు ఎందుకు భయపడతాడు? "పెట్టు, గదేందో చూద్దం" అన్నాడు. జేజి కూడా, "కానియ్, ఎండకాలం పొద్దు పోతలేదు" అంది. నాకు ఓటు లేదు, మైనర్‌ను, సార్ చెప్పాడు చట్టం ఎవరికైనా చట్టమే అని. నేను ఎన్నికల అధికారిని.

చీటీల మీద గీతలు పెట్టిద్దామంటే జేజికీ అమ్మకూ పెన్సిల్ పట్టుకోవడం సిగ్గు. అందుకని వెనక గదిలో పీట మీద రెండు కండెలు పెట్టాను, ఒకటి పట్టు, ఒకటి నూలు. పక్కన ముంత, మూతికి గుడ్డ కట్టి మధ్యలో చిల్లి. నన్ను బడికి పంపాలనుకుంటే పట్టు పోగు తెంపి వెయ్యాలి, మగ్గానికి కూర్చోబెట్టాలనుకుంటే నూలు పోగు. ఒక్కొక్కరే పోవాలి, తలుపు మూసుకోవాలి. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఎన్నికల రోజు ప్రలోభాలు ఉండకూడదని సార్ చెప్పాడు కదా, పొద్దున మా అమ్మ మిరపకాయ బజ్జీలకు పిండి కలుపుతుంటే ఆపేశాను. అవి మా నాయినకు ప్రాణం, రేపు ఓడిపోయినవాళ్ళు అభ్యంతరం చెప్పవచ్చు అన్నాను. మా నాయిన, "బజ్జీలు లేకుంటే ఓటే వద్దు" అని కూర్చున్నాడు. చివరికి బజ్జీలు లెక్కింపు తర్వాత అని రాజీ కుదిరింది.

లోపల నా లెక్క నాకుంది. అమ్మ పట్టు వేస్తుందేమో, ఆమె ఎప్పుడైనా నా పుస్తకం మీద చెయ్యి తుడుచుకొని మరీ పెట్టేది. జేజీ, నాయినా నూలు. అంటే ఓటమే. అయినా ఒక్క పట్టు పోగు కనపడితే చాలు, ఇంట్లో ఒకరు నా వైపు ఉన్నారని తెలిస్తే చాలు అనుకున్నాను. ముందు జేజి పోయింది, మోకాళ్ళు పట్టుకుంటూ. తర్వాత నాయిన, మగ్గంలోకి దిగినంత ధీమాగా. చివరికి అమ్మ, కొంగు సర్దుకుంటూ.

ముంత తెచ్చి పళ్ళెంలో బోర్లించాను. రెండు పట్టు, ఒక నూలు. గెలిచాను అని నోరు తెరవబోయాను, కానీ ముగ్గురూ నా నోరు చూడటం లేదు. ముగ్గురి తలలూ పళ్ళెం మీద ఉన్నాయి. అప్పుడు తట్టింది నాకు, పోగుకు కూడా దస్తూరి ఉంటుందని. నూలు పోగు పీచులేచి ఉంది. ఒక పట్టు పోగు చప్పిడిగా నలిగింది. ఇంకో పట్టు పోగు సూది మొన.

మా నాయిన ఆ సూది మొనను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు. "అమ్మా, ఇది నీ చెయ్యి."

"ఏదిరా? నాకు కండ్లు కానొస్తలేవు."

"కానరాకనే పట్టు ఏదో నూలు ఏదో చూసి తెంపితివా?"

"వేళ్ళకు కండ్లుంటయి."

"నువ్వు వద్దంటేనే గదనే నేను వద్దన్న."

"నేను వద్దంటే, నీకు బుద్ధి లేదా?" అంది జేజి. "నేను ముసల్దాన్ని, నోటికొచ్చింది అంట. నువ్వు కన్నతండ్రివి."

ఆయన అమ్మ వైపు తిరిగాడు. "నువ్వు గూడనా?"

మా అమ్మ కొంగు తియ్యకుండానే, "ఓటు రహస్యమంట. చెప్పగూడదంట" అంది. పెళ్ళయ్యాక ఆమె ఆయనకు ఎదురు చెప్పడం నేను విన్నది అదే మొదలు.

ఇక ఆయన నా వైపు చూశాడు. "రహస్యం అంటివి గదనే బిడ్డా" అన్నాడు. బజ్జీలు కూడా ముట్టకుండా గుంతలోకి దిగి ఒక్కడే నెయ్యడం మొదలుపెట్టాడు. ఒక్కడితో అంచు రాదు కదా, నాడె ఒక పక్కకు పోయి ఆగిపోతుంది, లేచి అవతలికి వంగి అందుకొని మళ్ళీ కూర్చుంటాడు. ఆ చప్పుడు వింటూ మేం ముగ్గురం బజ్జీలు చల్లార్చాం. కాసేపటికి జేజి ఆకువక్క దవడకు పెట్టుకొని, వంగి వంగి పోయి ఆ పక్క పీట మీద కూర్చుంది. "నడుపు" అంది. "ఓడిపోయినోడు పని బంద్ పెడితే సర్కారు నడుస్తదా?" ఆయన నాడె అందించాడు. అమ్మ బజ్జీల పళ్ళెం తెచ్చి గుంత అంచున పెట్టింది. అది ఎప్పుడు ఖాళీ అయిందో ఎవరూ చూడలేదు, చూసినా అనలేదు.

బడి తెరిచిన రోజు నేను సార్‌కు గర్వంగా అంతా చెప్పాను. ఆయన గొడుగు కింద పెట్టి నుదురు కొట్టుకున్నాడు. "రహస్యం పోయింది నాగమణీ. ఆ ఎన్నిక చెల్లదు." మళ్ళీ పెడితే మా నాయిన మొహం చూసి జేజి మారిపోతే? ఆయన గొడుగు మళ్ళీ చంకలో పెట్టుకొని, "ఓడిన అభ్యర్థి ఫిర్యాదు చేస్తేనే విచారణ. మీ నాన్న ఫిర్యాదు చేస్తాడా?" అన్నాడు. ఇంటికి పోయి భయం భయంగా అడిగాను, నాయినా నీకేమన్న ఫిర్యాదు ఉందా అని. ఆయన తల ఎత్తకుండా, "నన్నెందుకు అడుగుతవ్. ముంతనడుగు" అన్నాడు. అప్పటినుంచి ఆయనకు అదే మాట. చీర ఏ రంగు పెడదామంటే ముంతనడుగు. కూర ఏం చెయ్యాలంటే ముంతనడుగు. చుట్టాలొచ్చి ఎట్లున్నవ్ అంటే కూడా అదే.

రాష్ట్రపతి పాఠం మళ్ళీ వచ్చేసరికి చలికాలం పడింది. జేజి రాట్నం దగ్గర, నాయిన మగ్గంలో, అప్పటికి పక్క పీట అమ్మది అయింది. నేను చదివాను, రాష్ట్రపతి ఒకసారి బిల్లును తిప్పి పంపవచ్చు, సభలు మళ్ళీ అదే పంపితే సంతకం పెట్టక తప్పదు అని. రాట్నం ఆగింది.

"గంతేనా?"

"గంతే జేజీ."

"గింత దానికా నేను కన్నకొడుకును ఓడగొట్టింది."

గుంతలోంచి మా నాయిన గొంతు వినిపించింది. "అట్లయితే తిప్పి పంపుదమానే అమ్మా, పిల్లను మగ్గం కాడికి?"

"ఒకపారి తిప్పి పంపితివి, అయిపాయె" అంది జేజి. "రెండోపారి లేదంట. సంతకం పెట్టు."

ఆయన నవ్వాడు. ముంత సంగతి తర్వాత నవ్వడం అదే మొదటిసారి. మా అమ్మ కూడా నవ్వింది, కొంగు పక్కకు పెట్టి. నేను పది పాసయ్యాను. సివిక్స్‌లో బడికంతా నేనే ఫస్ట్. సార్ ఆ మాట చెప్పడానికి మా ఇంటిదాకా వచ్చి, గొడుగు మా ఇంట్లోనే మరిచిపోయి పోయాడు.

ఇప్పటి ఓటు సంగతి వేరు. మీ నాన్నకు కొత్తగా పెళ్ళయినప్పుడు మన వార్డు ఆడవాళ్ళకు వచ్చిందని నన్ను కౌన్సిలర్‌గా నిలబెట్టారు, నీకు తెలుసు కదా. కుట్టుమిషను గుర్తు. ఈ వీధిలో ప్రతి ఇంటివాళ్ళూ మన ఇంట్లో చాయ్ తాగారు, నీకే అక్కా అన్నారు, నీకే వదినా అన్నారు. నేను ఓడిపోయాను. ఓడిపోయిన మర్నాడు కూడా ప్రతి ఒక్కరూ వచ్చి నీకే వేశామన్నారు. అందరూ వేస్తే ఓడగొట్టింది ఎవరు? ఓటు మిషన్‌ను ఏ వేలు నొక్కినా ఒకటే పీ అంటుంది, అందులో పీచు లేదు, సూది మొన లేదు. అదే మంచిదని నాకు తెలుసు. సార్ ఉంటే ఎంత సంతోషపడేవాడో. కానీ ఆ రోజుల్లా పళ్ళెంలో బోర్లించి చూస్తే బాగుండేదని నాకు అనిపించిన మాట నిజం. అప్పుడు తట్టింది శ్రీజా, మా ఇంటి ఎన్నికలో బయట అన్న మాటే లోపల వేసిన మనిషి మా నాయిన ఒక్కడే అని. గెలిచిన సంబరంలో నేను దాన్ని అన్నేళ్ళు చూడనేలేదు.

అప్పటికి జేజి లేదు, మగ్గం లేదు. మా నాయిన సరిగ్గా ఆ కుంగిన బండ మీదనే కుర్చీ వేసుకొని కూర్చునేవాడు. వేలికి సిరా అట్లాగే ఉంది. ఉండబట్టలేక అడిగాను, "నాయినా, నువ్వు ఎవరికేస్తివి?" అని. ఆయన వీధిలోకి చూస్తూ, "ముంతనడుగు" అన్నాడు. పాత మాటే కదా అని ఊరుకున్నాను. మరుసటి పొద్దున మా అమ్మ పెట్టె తెరిచి, నా చీర కొంగు ఎవరు పీకిన్రు, కుచ్చు ఊడొచ్చింది, ఎలుకలా మనుషులా అని లొల్లి పెట్టింది. అది మా నాయిన చేత్తో నేసిన చీర. నాకు ఏదో అనుమానం వచ్చి సజ్జ ఎక్కి ముంత దించాను. అడుగున ఒక పోగు ఉంది. పట్టు. కొస పీచులేచి ఉంది, వేలికి చుట్టి తటాల్న తెంపినట్టు. ఆయన కుర్చీలోంచి నన్ను చూసి, చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. నేనూ ముంతను మళ్ళీ సజ్జ మీద పెట్టేశాను, ఓటు రహస్యం కదా. ఆ పోగు ఇప్పటికీ అందులోనే ఉంది. నిన్న మీ అమ్మ చేతిలోంచి లాక్కున్నది అందుకే. ఆ ముంత ఇటు తే, చూపిస్తాను. మెల్లగా, కొస పట్టుకోకు, నడుమ పట్టుకో, ఇప్పుడు వెలుతురుకు పెట్టి చూస్తే నీకే తెలుస్తుంది, ఆ పీచు లేచిన చోట మా నాయిన వేలు ఎట్లా—

"అత్తా, రొట్టెలు సల్లగైతున్నయి, ఆ పిల్లను గూడ తోలుకొని లేసి రండి."